చిన్న గొడ్డలి: చూసి కొనడం, సాన పట్టడం, వాడుకోవడం

పాలకొండ, పార్వతీపురం, పాతపట్నం వైపు ఊళ్ళలో ఇంటింటికీ గ్యాస్ వచ్చినా కర్రల పొయ్యి మాత్రం పోలేదు. చలికాలం నీళ్ళు కాచుకోవాలన్నా, పెళ్ళికి పెద్ద వంట చేయాలన్నా, కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్ళాలన్నా కర్ర కొట్టాల్సిందే. సరిహద్దు దాటి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వెళ్తే ఈ అవసరం ఇంకా ఎక్కువ. అయినా చాలా ఇళ్ళల్లో ఉండేది ఒకటే గొడ్డలి. తాతల నాటి బరువైన గొడ్డలి, అంచు మొండిబారి, కామ (పట్టుకునే కర్ర) వదులై ఉంటుంది. చిన్న పుల్లకీ అదే, పెద్ద దుంగకీ అదే. ఇంట్లో ఆడవాళ్ళు, పెద్దవయసువాళ్ళు కూడా భయం లేకుండా పట్టుకోగలిగే చిన్న గొడ్డలి ఇంకొకటి ఉండాలని నేను గట్టిగా చెబుతాను. దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా సాన పట్టుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. కర్రని తెంచేది అంచు, చీల్చేది ఆ అంచు వెనకాల ఉండే మందం. అంచు నుంచి కామ దూరే కన్నం దాకా ఉండే రెండు పక్కల్ని చెంపలు అందాం. చెంపలు పలచగా ఉంటే గొడ్డలి కర్రలోకి లోతుగా దిగుతుంది, కానీ అక్కడే ఇరుక్కుంటుంది. చెంపలు ఉబ్బుగా ఉంటే అంత లోతుకి దిగదు, కానీ దిగినంతమేరా కర్రని రెండు వైపులకీ నెట్టి విడగొడుతుంది. "ఎంత సాన పెట్టినా కర్ర పగలట్లేదు" అని విసుక్కునేవాళ్ళలో చాలామంది చేతిలో ఉన్నది కొమ్మలు నరికే గొడ్డలి. అలాంటి గొడ్డలికి ఇంకా పదును పెడితే ఇంకా లోతుగా ఇరుక్కుంటుంది.

ముందు పని తేల్చుకోండి

పొయ్యి రాజేయడానికి చితుకులు చేయడం, చేతిమణికట్టంత లావు కర్రల్ని రెండుగా నాలుగుగా చీల్చడం మీ పని అయితే, తల బరువు 500 నుంచి 700 గ్రాములు, కామ 35 నుంచి 40 సెంటీమీటర్లు ఉన్న చేగొడ్డలి చాలు. ఒంటిచేత్తో వాడేది ఇదే. చెంపలు కాస్త ఉబ్బుగా ఉండేది చూసుకోండి.

బయటికి తీసుకెళ్ళడానికి, అంటే వనభోజనాలకి, తోటలో ఎండు కొమ్మలు కొట్టడానికి, శివరాత్రికి ఒడిశాలోని మహేంద్రగిరి ఎక్కి రాత్రి అక్కడ ఉండేవాళ్ళు చలిమంటకి వాడుకోవడానికి, కొంచెం పొడుగు కామ మంచిది. తల 600 నుంచి 800 గ్రాములు, కామ 45 నుంచి 50 సెంటీమీటర్లు. అవసరమైతే రెండు చేతులతోనూ పట్టుకోవచ్చు, సంచిలోనూ పడుతుంది. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు, పైన రాత్రి చలి బాగా ఉంటుంది. పరశురాముడు తపస్సు చేసిన కొండ అని మనవాళ్ళ నమ్మకం, కాబట్టి అక్కడికి గొడ్డలి పట్టుకెళ్ళేవాళ్ళు దాన్ని ఇంకాస్త మర్యాదగా వాడాలి. పచ్చి చెట్టు జోలికి వెళ్ళకండి. రాలిన ఎండుకర్ర చాలు, పచ్చికర్ర ఎలాగూ పొగే తప్ప మంట ఇవ్వదు. అడవిలో మంట పెట్టేముందు ఫారెస్టువాళ్ళని అడగండి.

తొడంత లావు దుంగల్ని పగలగొట్టడం చిన్న గొడ్డలి పని కాదు. దానికి కిలోన్నర దాటిన తల, 70 సెంటీమీటర్లకి తగ్గని కామ ఉండాలి. లేదంటే దుంగలో దింపి పగలగొట్టే ఇనప చీలలు రెండు, సమ్మెట ఒకటి కొనుక్కోండి. చిన్న గొడ్డలిని దుంగలో దింపి దాని వెనక సుత్తితో బాదడం చాలాచోట్ల చూస్తాం. దానివల్ల కన్నం సాగిపోతుంది, ఆ తర్వాత ఏ కామా అందులో నిలవదు. పైగా ఉక్కు మీద ఉక్కు కొట్టినప్పుడు పెచ్చులు ఎగిరి కంట్లో పడతాయి.

సంతలో ఎలా చూడాలి

సీతంపేట, కురుపాం లాంటి ఊళ్ళ సంతల్లోనూ, అవతల ఒడిశా సంతల్లోనూ కొలిమి పని గొడ్డళ్ళు దొరుకుతాయి. ఒడియావాళ్ళని టంగియా అని అడిగితే చూపిస్తారు. ఇనప కొట్లలో రంగు వేసిన ఫ్యాక్టరీ గొడ్డళ్ళూ ఉంటాయి. నా ఓటు మంచి కమ్మరి చేసినదానికే. ఎందుకంటే అతన్ని "ఇది ఏ ఇనుముతో చేశావు?" అని అడగొచ్చు, రేపు పాడైతే అతని దగ్గరికే తీసుకెళ్ళొచ్చు. లారీ కమాను పట్టీతో చేశానంటే మంచిదే. ఆ ఉక్కులో కార్బన్ అర శాతానికి కాస్త పైన ఉంటుంది, దెబ్బకి తట్టుకుంటుంది, పదునూ నిలుస్తుంది. కొన్ని మెత్తని ఇనుముతో చేసి అంచుకి మాత్రం ఉక్కు అతికిస్తారు. అదీ తప్పు కాదు, కానీ ఆ ఉక్కు ఎంతమేర ఉందో అడిగి తెలుసుకోండి. సాన పట్టగా పట్టగా ఉక్కు అరిగిపోతే మిగిలేది మెత్తని ఇనుమే.

సంతకి వెళ్ళేటప్పుడు చిన్న ఆకురాయి (ఇనుముని అరగదీసే ఫైలు) ఒకటి జేబులో పెట్టుకోండి. అమ్మే మనిషిని అడిగి, అంచు మీద ఒక్కసారి తేలిగ్గా తోయండి. ఆకురాయి ఏమాత్రం పట్టకుండా గాజు మీద జారినట్టు జారిపోతే ఆ అంచు మరీ గట్టిది, ముడి తగిలితే పెచ్చు ఊడుతుంది. పొడి సులువుగా రాలిపోతే మరీ మెత్తన, నాలుగు దెబ్బలకే అంచు మడతపడుతుంది. కాస్త బలం పెడితే పట్టేది కావాలి మనకి. అంచునే కాదు, కన్నం దగ్గర కూడా ఒకసారి తోసి చూడండి. అక్కడ మెత్తగానే ఉండాలి. కన్నం కూడా గట్టిగా ఉంటే పగిలే ప్రమాదం ఉంది.

తర్వాత కామ లేకుండా తలని వేలికి తగిలించి చిన్న ఇనప ముక్కతో తట్టండి. ఖంగుమని మోగాలి. మొద్దుగా చప్పుడు వస్తే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు, పక్కన పెట్టేయండి. కన్నంలోంచి చూస్తే రెండు పక్కలా గోడ మందం సమానంగా కనపడాలి. కామ వేసి ఉంటే, కామ చివర కంటి దగ్గర పెట్టుకుని తుపాకీ గురి చూసినట్టు చూడండి. అంచు కామతో ఒకే గీతలో ఉండాలి. ఈ ఒక్కటీ తప్పితే మిగతావన్నీ బాగున్నా కొనకండి, ప్రతి దెబ్బా పక్కకి పోతుంది.

రంగు, పాలిష్ చూసి మోసపోకండి. నల్లగా, కొలిమి మచ్చలతో ఉన్న గొడ్డలే చాలాసార్లు మంచిది.

కామ సంగతి

గొడ్డలి దెబ్బలు తగిలిన కథలు అడిగి చూడండి, చాలావాటిలో తప్పు కామది. తల ఊడి ఎగరడం, కామ విరగడం, చెయ్యి జారడం. అందుకే తలకి పెట్టినంత శ్రద్ధ కామకీ పెట్టాలి.

చిరుమాను దొరికితే మరి వెతకక్కర్లేదు. ఒకప్పుడు బండి ఇరుసులకి వాడిన కర్ర అది, దెబ్బకి వంగి తేరుకుంటుంది. లేకపోతే నల్లతుమ్మ. టేకు అందంగా ఉంటుంది కానీ గొడ్డలి కామకి పెళుసు. సరుగుడు తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి చాలామంది వేస్తారు, అది ఎండేకొద్దీ బీటలు తీస్తుంది. ఏ కర్రైనా నీడలో కొన్ని నెలలు ఎండాక వేయాలి. పచ్చికర్రతో వేసిన కామ ఎండగానే సన్నబడి తల వదులవుతుంది. పుచ్చు కన్నాలు ఉన్నాయేమో, పిండిలా పొడి రాలుతోందేమో చూడండి.

కామ చివరని చూస్తే కర్ర గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు అంచు ఉన్న దిశలోనే, అంటే ముందు నుంచి వెనక్కి సాగాలి. అడ్డంగా ఉంటే ఆ కామ ఏదో ఒకరోజు విరుగుతుంది. పొడవునా చూసినప్పుడు కూడా గీతలు మధ్యలోనే పక్కకి జారిపోకుండా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలి.

కామ బిగించే పద్ధతులు రెండున్నాయి. పికాసుకి వేసినట్టు పైనుంచి దూర్చేది ఒకటి. దాని పైకొన లావుగా ఉంటుంది కాబట్టి విసిరేకొద్దీ ఇంకా బిగుస్తుంది, చీల అక్కర్లేదు. రెండోది కిందనుంచి దూర్చి పైన చీల కొట్టేది. దీనికి కామ పైకొనని రంపంతో కన్నం లోతులో మూడింట రెండు వంతులు చీల్చి, గట్టి ఎండుకర్రతో చేసిన చీల దింపాలి. కామని తలలోకి దించడానికి తలని కొట్టకండి. గొడ్డలిని తలకిందులుగా వేలాడేలా పట్టుకుని, కామ కింది కొన మీద చెక్క సుత్తితో కొట్టండి. బరువైన తల ఉన్నచోటే ఉంటుంది, కామ దానంతట అదే పైకి ఎక్కుతుంది. కొంచెం కొంచెంగా ఎక్కించి, బిగువు చాలాక చీల కొట్టి, మిగిలింది కోసేయండి.

వదులైన గొడ్డలిని నీళ్ళ బకెట్లో పడేసి ఉంచడం మన ఊళ్ళ అలవాటు. కర్ర ఉబ్బి ఆ పూటకి బిగుస్తుంది, నిజమే. కానీ ఇనుము లోపల ఉబ్బడానికి చోటులేక కర్ర పోగులు నలిగిపోతాయి, ఎండాక ముందుకంటే వదులవుతుంది. దానికి బదులు లిన్‌సీడ్ ఆయిల్ రాయండి, అంటే అవిసె గింజల నూనె. పెయింట్ షాపుల్లో ఉంటుంది. కామకి, ముఖ్యంగా పైకొనకి, పీల్చుకున్నంతసేపు పూసి తుడిచేయండి. ఆముదం, కొబ్బరినూనె ఈ పనికి రావు, అవి ఆరి గట్టిపడవు, జిగటగా ఉండిపోతాయి. ఒక్క జాగ్రత్త. లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

సాన పట్టడం

కావలసినవి నాలుగే. పది అంగుళాల చదును ఆకురాయి, రెండు వైపులా వేరువేరు గరుకు ఉన్న కార్బోరండం సానరాయి, మార్కర్ పెన్ను, పాత తోలు బెల్టు ముక్క. చేతికి గట్టి తొడుగు వేసుకోండి. ఆకురాయి తోకకి చెక్కపిడి తప్పనిసరి.

కరెంటు సానచక్రం దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. నిప్పురవ్వలు చిమ్ముతూ రెండు నిమిషాల్లో అంచు తళతళలాడుతుంది, కానీ ఆ రెండు నిమిషాల్లోనే పలచని అంచు కాలిపోతుంది. ఉక్కు సుమారు 220 డిగ్రీల దగ్గర లేత పసుపు తిరుగుతుంది, 300 డిగ్రీల దగ్గర నీలం. అంచు మీద నీలం కనిపించిందంటే కమ్మరి పెట్టిన గట్టిదనం అక్కడ పోయినట్టే. ఆ నీలం ఉన్నంతమేరా ఆకురాయితో తీసేస్తే గానీ మళ్ళీ పదును నిలవదు. పెద్ద పెచ్చు ఊడి చక్రం తప్పనిసరి అయితే, పక్కన నీళ్ళ గిన్నె పెట్టించి, అంచు వేలికి వేడిగా తగిలేలోపే ముంచమనండి.

కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు. కాగితం మూల 90 డిగ్రీలు ఉంటుంది కదా, ఆ మూలని మూడు సమాన మడతలు పెడితే 30 డిగ్రీలు వస్తుంది. దాన్ని అట్టముక్క మీద పెట్టి గీసి, ఆ ఆకారంలో గంటు కోయండి. ఆ గంటుని గొడ్డలి అంచు మీద కూర్చోబెట్టి చూసుకోవచ్చు. చీల్చే గొడ్డలికి 30 నుంచి 35 డిగ్రీలు, బయటికి తీసుకెళ్ళే నరికే గొడ్డలికి 25 నుంచి 30. అంతకంటే పలచన చేస్తే మొదట్లో చాలా బాగా తెగుతుంది, చింతముడి తగిలిన రోజు వంగుతుంది.

ఇప్పుడు గొడ్డలిని కదలకుండా బిగించాలి. క్లాంపు ఉంటే దానితో, లేకపోతే మందపాటి పలక మీద తలకి రెండు వైపులా మేకులు కొట్టి మధ్యలో కూర్చోబెట్టి, కామని తొడ కింద అదిమిపట్టండి. అంచు పలక బయటికి కొద్దిగా పొడుచుకు రావాలి. చెంప కింది భాగమంతా మార్కర్‌తో రంగు వేయండి.

ఆకురాయి ఒక్క దిశలోనే కోస్తుంది, ముందుకి తోసినప్పుడే. వెనక్కి లాగేటప్పుడు పైకి ఎత్తేయండి, రుద్దితే పళ్ళు మొండివైపోతాయి. కొత్తవాళ్ళు చెంప వైపు నుంచి అంచు బయటికి తోయడం క్షేమం, చెయ్యి జారినా అంచు మీదకి పోదు. అనుభవం ఉన్నవాళ్ళు అంచు వైపు నుంచి లోపలికి తోస్తారు, పని ఇంకా శుభ్రంగా వస్తుంది. అలా చేయాలంటే తొడుగు ఉండి తీరాలి. రెండు తోపులు తోసి మార్కర్ రంగు చూడండి. రంగు అంచు దగ్గర మిగిలితే ఆకురాయిని కాస్త పైకి లేపాలి, వెనక మిగిలితే దించాలి. సానలో సగం విద్య ఈ రంగు చూసుకోవడమే.

అంచు వంపు వెంబడి విసనకర్ర ఆకారంలో తోస్తూ పోండి, ఒకేచోట రుద్దితే అక్కడ గుంట పడుతుంది. రెండో వైపూ అన్నే తోపులు. అవతలి అంచున వేలికి గరుకు తగిలిందంటే ఆ వైపు పూర్తయినట్టు. ఆకురాయి పళ్ళలో పొడి ఇరుక్కుంటే తీగ బ్రష్‌తో దులపండి. ముందే సుద్దముక్క రాసి మొదలుపెడితే అంతగా ఇరుక్కోదు. అంచులో చిన్న నెర్రె ఉందని దాన్ని పూర్తిగా పోగొట్టేదాకా అరగదీయకండి. ఉక్కు వృథా. నాలుగైదు సానల్లో అదే పోతుంది, ఈలోపు పనికి అడ్డురాదు.

చీల్చే గొడ్డలి అయితే అంచు దగ్గర మాత్రమే పని చేయండి, చెంపల ఉబ్బుని ముట్టుకోకండి. నరికే గొడ్డలి మొండిగా ఉంటే అంచు నుంచి మూడు వేళ్ళ వెడల్పు దాకా చెంపని కూడా పలచన చేయాలి. ఇది ఒక పూట పని. ఓపికగా చేయండి, మొదటిసారి చేసుకుంటే మళ్ళీ ఏళ్ళదాకా రాదు.

ఇక సానరాయి. నీళ్ళలో నానబెట్టి, గొడ్డలిని ఒక చేత్తో పట్టుకుని, రాయిని రెండో చేత్తో అంచు మీద చిన్న సున్నాలు చుడుతున్నట్టు తిప్పండి. ముందు గరుకు వైపు, తర్వాత నున్నటి వైపు. వేళ్ళు రాయి అంచు దాటకూడదు. ఆకురాయి వదిలిన గీతలు మాయమయ్యేదాకా తిప్పి, చివర్లో ఒక్కో వైపు ఒక్కో సున్నా చొప్పున మారుస్తూ వెళ్తే గరుకు రాలిపోతుంది. బెల్టు ముక్క మీద అంచుని వెనక్కి లాగుతూ పదిసార్లు తిప్పితే సరి.

పదును చూడటానికి వేలిని అంచు వెంబడి లాగకండి. వెలుతురులో అంచుని కళ్ళకి ఎదురుగా పట్టుకోండి. మొండిగా ఉన్నచోట తెల్లటి మెరుపు గీత కనపడుతుంది. పదునైన అంచు మెరవదు. చీల్చే గొడ్డలి వెంట్రుకలు గీయాల్సిన పని లేదు, ఎండు సరుగుడు మీద పెట్టి అడ్డంగా నొక్కితే జారకుండా పట్టుకుంటే చాలు.

చీల్చేటప్పుడు

నేలమీద ఎప్పుడూ కొట్టకండి. గంట కష్టపడి పెట్టిన పదును ఒక్క రాయితో పోతుంది. మోకాలి ఎత్తు మొద్దు ఒకటి వేసుకోండి. చింత మొద్దు మేలు, పోగులు అల్లుకుని ఉంటాయి కాబట్టి తొందరగా పగలదు. మాంసం కొట్టేవాళ్ళు దాన్నే వాడేది అందుకే. చీల్చాల్సిన కర్రని మొద్దుకి అవతలి కొస వైపు నిలబెట్టండి, దెబ్బ తప్పినా అంచు మొద్దులో దిగుతుంది. పొట్టి కామ గొడ్డలి అయితే మోకాళ్ళ మీద కూర్చుని కొట్టండి. నిలబడి కొడితే తప్పిన దెబ్బ సరిగ్గా మోకాలి కింది ఎముక మీదకే వస్తుంది. కాలికి బూట్లు వేసుకోండి, చెప్పులు కావు.

చితుకులు చేసేటప్పుడు విసరనే అక్కర్లేదు. అంచుని కర్ర కొన మీద పెట్టి తేలిగ్గా తట్టి పట్టించండి, తర్వాత కర్రనీ గొడ్డలినీ కలిపి ఎత్తి మొద్దు మీద దింపండి. చీలకపోతే కామని పక్కకి మెలి తిప్పండి. వేళ్ళు అంచు దరిదాపుల్లో ఉండవు కాబట్టి ఇంట్లో అందరికీ నేర్పించదగ్గ పద్ధతి ఇది.

లావు కర్ర అయితే కొన మీద సహజంగా ఉన్న బీట వెతికి దాని వెంబడే కొట్టండి. నడిమధ్యలో కాకుండా ఓరల నుంచి ముక్కలు తీసుకుంటూ రండి. ముడి ఉన్న కొనని కిందికి పెట్టండి. సరుగుడు, నీలగిరి పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి ఎండబెట్టాలి, ఎండాక అవి ఇనుమే. నీలగిరి పోగు మెలితిరిగి ఉంటుంది, నిటారుగా చీలుతుందని ఆశపడకండి. మామిడి సులువు. ఉద్దానం వైపు జీడిమామిడి కర్ర బాగా దొరుకుతుంది, దాని పట్టలోని జిగురు కొందరికి చర్మం మీద బొబ్బలు తెప్పిస్తుంది, తొడుగు వేసుకోండి. చిన్న ముక్కలు అటూ ఇటూ పడిపోతుంటే పాత స్కూటర్ టైరు మొద్దు మీద పెట్టి అందులో నిలబెట్టి కొట్టండి.

దాచుకోవడం

పని అయ్యాక తడి తుడిచి, తలకి పలచగా ఏదో ఒక నూనె రాయండి. సోంపేట, ఇచ్ఛాపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో వారానికోసారి చూసుకోవాలి. అంచుకి పాత రబ్బరు గొట్టం చీల్చి తొడిగితే చాలు. తోలు తొడుగు ప్రయాణానికి బాగుంటుంది కానీ వానాకాలం అందులోనే ఉంచేస్తే చెమ్మ పట్టి తుప్పు తెస్తుంది. పొయ్యి పైన అటక మీద పెట్టకండి, ఆ వేడికి కామ సన్నబడుతుంది. నేలమీద పెడితే చెదలు.

సాన పట్టినా పదును రెండు మూడు రోజులకే పోతోందంటే అంచులో ఉక్కు అయిపోయినట్టు, లేదా దాని గట్టిదనం పోయినట్టు. అప్పుడు కమ్మరి దగ్గరికి వెళ్ళి కొత్త ఉక్కు అతికించుకోవాలి, లేదా మళ్ళీ కాల్చి పదును పట్టించుకోవాలి. వరికోతల ముందు వెళ్ళకండి, కొడవళ్ళ పనితో కొలిమికి తీరికే ఉండదు. మాఘం దాటాక, ఎండలు ముదరకముందు వెళితే అతను నిదానంగా చేసిపెడతాడు. కామ ఊడదీసి తల ఒక్కటే ఇవ్వండి.